అలల ఊళ్లో లైను వేట

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించీ, మెడికల్ బిల్లుల గురించీ పెద్దలు చెప్పారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీరు శ్రీలంకలో నెలన్నర ఉండి వచ్చారు గదా, ఆ ముచ్చట చెప్పండి" అన్నారు. యాత్రా విశేషాలు వర్ణించే నేర్పు నాకు లేదు. ముప్పై ఏడేళ్లు టెలిఫోన్ కేబుళ్ల మధ్య గడిపినవాణ్ణి. కనుక అక్కడి లైను సంగతే చెబుతాను. మీ పిల్లల్లో చాలామంది కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగాలు చేస్తున్నారు. కాబట్టి ఇది మీకు పరాయి సంగతి కాదు.

మా చిన్నమ్మాయి హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది. రోజూ ఆఫీసుకు పోనక్కరలేదు. 2025 జనవరిలో, కంపెనీ అనుమతి కాగితం తీసుకుని, వీసా నిబంధనలు కనుక్కుని, శ్రీలంక దక్షిణ తీరంలో కొన్నాళ్లు ఉండి పని చేస్తానంది. పొద్దున్నే సముద్రంలో సర్ఫింగ్ నేర్చుకోవడం, పది గంటల నుంచి ఉద్యోగం. "మీరూ రండి నాన్నా, ఇంట్లో కూర్చుని చేసేదేముంది" అంది. మా ఆవిడ మోకాళ్ల నొప్పుల వల్ల పెద్దమ్మాయి దగ్గర ఉండిపోయింది. నేను బయల్దేరాను.

ఆ ఊరి పేరు వెలిగమ. సింహళంలో వెలి అంటే ఇసుక, గమ అంటే ఊరు. మన నెల్లూరు తీరంలో ఇసకపల్లి లేదూ, అలాంటి పేరే. కొలంబో నుంచి సముద్రం అంచునే పోయే రైలు గాలె దాటాక ఈ ఊళ్లో ఆగుతుంది. ఇక్కడ తీరం అర్ధచంద్రాకారంగా వంగి ఉంటుంది. అడుగున ఇసుక కాబట్టి, పలక మీద నుంచి పడ్డా కొత్తవాళ్లకు పెద్ద దెబ్బలు తగలవు. పక్కనున్న మిడిగమ, అహంగమ దగ్గర అలలు రాతి దిబ్బల మీద విరుగుతాయి, అవి చేయి తిరిగినవాళ్లకే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సీజను. నైరుతి ఋతుపవనం వచ్చిందంటే ఆటగాళ్లంతా తూర్పు తీరానికి, అరుగం బేకు పోతారు.

రోడ్డు పొడుగునా కెఫేలు. ప్రతిదాని ముందూ "ఫ్రీ వైఫై, హైస్పీడ్" అని బోర్డు. ఆ బోర్డు చూసి లోపల కూర్చున్నవాళ్లలో సగంమంది ఆటకు వచ్చినవాళ్లు, సగంమంది మా అమ్మాయి లాగా ఉద్యోగం వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు. శ్రీలంక గడియారం 2006 ఏప్రిల్ నుంచి మన గడియారమే, అందుచేత హైదరాబాదు వాళ్లతో ఇబ్బంది లేదు. ఆమె టీము పని లండన్ ఖాతాదారుకు. ఫిబ్రవరిలో వాళ్లకు పొద్దున పదకొండంటే ఇక్కడ సాయంత్రం నాలుగున్నర.

మొదటి వారంలో అయిదు కెఫేలు తిరిగాం. అమ్మాయి ఫోనులో స్పీడు పరీక్ష చేసి, అంకె పెద్దదిగా ఉన్నచోట కూర్చునేది. ఒకచోట తొంభై మెగాబిట్లు చూపించింది. వీడియో మీటింగుకు మూడు నాలుగు మెగాబిట్లు చాలు, కాబట్టి అది రాజభోగమే. అయినా మధ్యాహ్నం పన్నెండు దాటితే చాలు, అవతలివాళ్ల ముఖాలు బొమ్మల్లా బిగుసుకుపోయేవి. నాకు ఊరుకుంటే తోచదు గదా, లేచి చూశాను. వైఫై పెట్టె వంటగది గోడకు బిగించి ఉంది, దాని పక్కనే మైక్రోవేవ్ ఓవెన్. వైఫై వాడే బాండుల్లో ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, ఓవెన్ పని చేసేదీ ఆ ప్రాంతంలోనే. భోజనాల వేళ అన్నం వేడెక్కుతోంది, మా అమ్మాయి మీటింగు చల్లారిపోతోంది! రెండో బాండు, అంటే 5 గిగాహెర్ట్జ్‌కు మారి, పెట్టె కనిపించేటంత దగ్గరగా కూర్చుంటే కుదుటపడింది. ఆ బాండు గోడలు దాటి ఎక్కువ దూరం పోలేదు.

ఇంకోచోట బాధ వేరు. పొద్దుటి ఆట ముగించుకుని పదిన్నరకు కుర్రాళ్లు దిగుతారు. అలల మీద తాము నిలబడ్డ వీడియోలన్నీ ఒక్కసారి పైకి పంపుతారు. మనవైపు వచ్చే దారి ఖాళీగానే ఉంటుంది, మనవైపు నుంచి పోయే దారి మూసుకుపోతుంది. పరీక్షలో పెద్దగా కనిపించేది వచ్చే అంకె. మీటింగులో మన మాట అవతలికి చేరాలంటే పోయే అంకె కావాలి. జాప్యం సంగతి ట్రాన్స్‌మిషన్ సెక్షన్ మిత్రులకు గుర్తుండే ఉంటుంది. ఒకవైపు జాప్యం 150 మిల్లీసెకన్లు దాటకుంటే సంభాషణ సాఫీగా సాగుతుందని ఐ.టి.యు. వారి సిఫారసు. స్పీడు ఎంత ఉన్నా ఇది పెరిగితే ఒకరి మాట మీద ఒకరు పడతారు. మన ట్రంకు కాల్ రోజుల్లో "హలో, హలో, మీరు చెప్పండి" అన్నట్టే.

అసలు సంగతి కరెంటు. మన కాలంలో ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఎందుకని? ఎక్స్ఛేంజి బ్యాటరీ గది నుంచి 48 వోల్టులు రాగి తీగ మీదే చందాదారు ఇంటికి వచ్చేవి. బందరులో ఉప్పుగాలికి జాయింట్లు పచ్చబారిపోయి మనల్ని ఎంత ఏడిపించినా, ఆ తీగ తన తిండి తాను తెచ్చుకునేది. ఇప్పటి ఫైబరు గాజు తీగ. తుప్పు పట్టదు, వెలుగును మోస్తుంది, కరెంటును మోయదు. కెఫేలో ఉన్న పెట్టెకు అక్కడే కరెంటు ఇవ్వాలి. పెద్ద కెఫేలకు జనరేటరు ఉంటుంది, నిజమే. అది అందుకోవడానికి నిమిషం, పెట్టె మళ్లీ లేచి నిలబడడానికి రెండు మూడు నిమిషాలు. మీటింగులో ఆ నాలుగు నిమిషాలు ఎక్కువే.

అందుకని నేను ప్రతిచోటా ఒకటే అడిగేవాణ్ణి: "కరెంటు పోతే మీ వైఫై పెట్టె దేనిమీద నడుస్తుంది?" సర్వర్ కుర్రాళ్లు నవ్వేవారు. జవాబు చెప్పింది ఒక్కావిడ. రైలు పట్టాల వైపు సందులో చిన్న కెఫే, ప్లాస్టిక్ కుర్చీలు, ఆప్పాలు, కొబ్బరి పచ్చడి. యాభై ఏళ్లుంటాయి. నన్ను లోపలికి తీసుకెళ్లి చూపించింది. వైఫై పెట్టె కింద ఇటుకంత బ్యాటరీ పెట్టె, 12 వోల్టులది. 2022 మార్చి చివర్లో ఆ దేశంలో రోజుకు 13 గంటల దాకా కోతలు ఉన్నప్పుడు కొన్నదట. "లైటు పోతుంది, వైఫై పోదు" అంది, వచ్చీరాని ఇంగ్లీషులో. నేను ఆ రోజే మా అమ్మాయితో అన్నాను, ఈ ఊళ్లో టెలిఫోన్ ఇంజనీరు ఈవిడేనని.

ఫిబ్రవరి 9, ఆదివారం. ఉదయం పదకొండున్నర ప్రాంతంలో కరెంటు పోయింది, మా సందుకో ఊరికో కాదు, దేశం మొత్తానికి. కొలంబోకు దక్షిణాన పానదుర సబ్‌స్టేషన్‌లో కోతి తగిలి ఇదంతా జరిగిందని ఆ దేశ ఇంధన శాఖ మంత్రి ప్రకటించారు. హనుమంతుడికి లంకతో లావాదేవీ ఇంకా తేలినట్టు లేదు! నవ్వు అక్కడితో సరి. ఆ దెబ్బకు నొరొచ్చోలై బొగ్గు విద్యుత్ కేంద్రం ఆగిపోయింది. సోమ, మంగళవారాల్లో ప్రాంతాలవారీగా గంటన్నర చొప్పున కోత అన్నారు.

సోమవారం సాయంత్రం నాలుగున్నరకే లండన్ వాళ్లతో మీటింగు. ఒప్పందం పొడిగించాలా వద్దా అన్నది ఆ రోజు తేలాలి. దానిమీద వాళ్ల టీములో ఆరుగురి పని ఆధారపడి ఉంది. మాట్లాడవలసింది మా అమ్మాయి. అంతకు ముందు రెండుసార్లు ఆమె లైను తెగినందుకు పైఅధికారి మెత్తగానే అయినా, "ఈసారి అలా జరిగితే నువ్వు వెనక్కి రావాల్సిందే" అని చెప్పి ఉన్నాడు. ఆ రాత్రి ఆమె భోజనం చెయ్యలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆ చీకట్లోనే ఇద్దరం ఊరు చుట్టాం. అంతకంటే మంచి పరీక్ష దొరకదు గదా! కొన్ని కెఫేలు మూసేశారు. కొన్నిచోట్ల జనరేటరు హోరుకు మనిషి మాట మనిషికి వినపడదు. ఊరంతా సెల్‌ఫోన్ల మీద పడడంతో మూడింటికల్లా టవరు నీరసించింది. సందులోని ఆవిడ దగ్గర ఫాను లేదు, దీపం లేదు, పెట్టె మీద పచ్చ లైటు మాత్రం వెలుగుతోంది. లైను కూడా వస్తోంది. అంటే అటు చివర ఎక్స్ఛేంజిలో మనలాంటివాడెవడో డీజిలు చూసుకుంటూ కూర్చున్నాడన్నమాట. నాకు ఆ క్షణంలో వాడి చేయి పట్టుకోవాలనిపించింది.

సోమవారం మూడింటికే వెళ్లాం. ల్యాప్‌టాప్, ఫోను నిండా చార్జి. కెఫే లైను ఏ కంపెనీదో కనుక్కుని, ఫోనులో వేరే కంపెనీ సిమ్ము వేయించాను. మన ఆల్టర్నేట్ రూటు పద్ధతే. నాలుగూ నలభై అయిదుకు ఫాను ఆగింది. అమ్మాయి నావైపు చూసింది. నేను పచ్చ లైటు వైపు చూసి తల ఊపాను, మాట్లాడుతూనే ఉంది. అయిదుంబావుకు కరెంటు లేని కెఫేల నుంచి జనం ఇక్కడికి రావడం మొదలైంది. మాట తెగుతోంది. ఇద్దరు కుర్రాళ్లు వీడియోలు పంపుతున్నారు. నేను లేచేలోపే ఆవిడ వాళ్ల దగ్గరకు పోయి, మా అమ్మాయిని చూపించి ఏదో చెప్పింది. వాళ్లు ఫోన్లు జేబులో పెట్టుకుని, పాపం, చేతులెత్తి క్షమాపణ కూడా చెప్పారు. మీటింగు అయిదున్నరకు ముగిసింది. కరెంటు ఆ తరవాత ముప్పావు గంటకు గాని రాలేదు. ఒప్పందం ఏడాదికి పొడిగించినట్టు పదిహేను రోజుల్లో కబురు వచ్చింది.

ఇంకొక్క మాట, కొంచెం కటువుగానే. ఒక కాఫీ చెప్పి ఆరు గంటలు కుర్చీ వదలని పిల్లల్ని అక్కడ చాలామందిని చూశాను. మన రూపాయికి వాళ్ల రూపాయలు మూడున్నర దాకా వచ్చేవి, ఇంకో కాఫీ భారం కాదు. ఆ కుర్చీ ఆవిడ జీవనాధారం. రెండు గంటలకు ఒకసారి ఏదో ఒకటి చెప్పడం, భోజనాల వేళ బల్ల వదలడం, మీటింగు మాటలు పక్కవాళ్ల చెవిన పడకుండా చూసుకోవడం మర్యాద. రోజంతా మీటింగులుంటే అద్దెకు బల్లలు ఇచ్చే చోట్లున్నాయి, అక్కడికి పోవాలి. మనబోటివాళ్లకూ ఒకటి: జీవన్ ప్రమాణ్ ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఎక్కడి నుంచైనా ఇవ్వవచ్చు గాని, అదీ, బ్యాంకు పనీ కెఫే వైఫై మీద పెట్టుకోకండి, సొంత సిమ్ము వాడండి.

అటువంటి 12 వోల్టుల పెట్టె ఒకటి తిరిగొచ్చాక మా ఇంట్లోనూ పెట్టించాను. కావలసినవాళ్లు భోజనాల దగ్గర కలిస్తే ఎలా కలపాలో బొమ్మ గీసి ఇస్తాను. కోశాధికారిగారు లెక్కల కాగితాలు పట్టుకుని చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నారు. సెలవు.