ముందు ఏ పని?
గ్రామ పాలనలో ప్రాధాన్య నిర్ణయం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక బడి డెబ్బదియైదు సంవత్సరాలు నిలిచినదనగా, చేయవలసిన అనేక కార్యాలలో దానిని ముందుంచిన పెద్దలు ఒకనాడు ఉన్నారని అర్థం. ఏ కాలంలోనైనా ఊరికి పనులు అనేకం, ధనం స్వల్పం. వాటిలో దేనిని ముందు చేపట్టవలెను, దేనిని ఆపవలెను అన్న విచారణ అధికారులకు మాత్రమే సంబంధించినదని చాలామంది తలంపు. లత్తేరి, గుడియాత్తం, వేలూరు ప్రాంతవాసులకు ఆ తలంపు తగదు.

'సుస్థిరాభివృద్ధి' అన్న మాటను 1987లో బ్రంట్‌లాండ్ సంఘం తన నివేదిక ద్వారా లోకమంతటా వ్యాపింపజేసినది. నేటివారి అవసరాలు తీరవలెను, రేపటివారి అవసరాలకు భంగం కలుగరాదు అన్నదే దాని సారం. ఈ భావానికి భారతదేశ న్యాయశాస్త్రంలో గట్టి స్థానం లభించినది పాలారు తీరపు వ్యాజ్యం వల్ల. తోళ్లు పదునుచేసే టానరీల మురుగు నదిలోనికి, పొలాలలోనికి చేరుచున్నదని వేలూరు పౌర సంక్షేమ వేదిక 1991లో సుప్రీంకోర్టు నాశ్రయించినది. 1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్దీప్ సింగ్ ప్రభృతుల ధర్మాసనం తీర్పు చెప్పినది. శాస్త్రీయ నిశ్చయం ఇంకా రాలేదన్న సాకుతో ముందుజాగ్రత్తను వాయిదా వేయరాదనీ, కాలుష్యం కలిగించినవారే దాని మూల్యం చెల్లించవలెననీ ఆ తీర్పు స్థాపించినది. టానరీల ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో, పూర్తిగానో చెడిపోయినదన్న పరిశోధనాకేంద్రపు అంచనా ఆ తీర్పులోనే నమోదై ఉన్నది.

టానరీలు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టినవన్నది కూడా సత్యమే. ఆ పరిశ్రమ ఉండరాదని న్యాయస్థానం చెప్పలేదు. అయితే న్యాయస్థానం చివరి మెట్టు. ఈ విషయమై సుప్రీంకోర్టు 2025 జనవరి 30న మరల తీర్పు చెప్పి, బాధిత కుటుంబాలకు పరిహారం చెల్లించవలెననీ, నష్టాన్ని అంచనా వేయుటకు సంఘం ఏర్పరచవలెననీ ఆదేశించవలసి వచ్చినది. వ్యాజ్యం వేసిన ఏట పుట్టిన శిశువు ఆ నాటికి ముప్పదిమూడేండ్లు నిండిన గృహస్థు. తీర్పు పరిహారం ఇప్పించగలదు గానీ ఉప్పుదేరిన బావిని తీపి చేయలేదు. మురుగు ఏ దిక్కునకు పోవలెను, ఏ భూమిలో ఏమి కట్టవచ్చును అన్న ప్రశ్నలు తొలిదినాలలో ఊరి ముంగిట పరిష్కారం కావలసినవి.

నేడు ఊరికి ఆ అధికారం కొంత ఉన్నది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. తమిళనాడు పంచాయతీల చట్టం 1994లో వెలువడినది. పదునొకండవ షెడ్యూలులోని 29 విషయాలలో చిన్న నీటిపారుదల, త్రాగునీరు, సామాజిక అడవులు చేరి ఉన్నవి. గ్రామాభివృద్ధి ప్రణాళికలను సభలో చర్చించి ఆమోదించే పద్ధతి 2015 నుండి దేశమంతటా వ్యాపించినది. ఐక్యరాజ్యసమితి పేర్కొన్న 17 లక్ష్యాలను గ్రామాలకు అనువుగా తొమ్మిదింటిగా కూర్చినారు. నీటి సమృద్ధి గల గ్రామం, స్వచ్ఛమైన పచ్చని గ్రామం అన్నవి అందులోనివి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికిచ్చిన నిధులలో నూటికి అరువది వంతులు త్రాగునీటికి, పారిశుద్ధ్యానికే వినియోగించవలెనని కట్టడి చేసినది. అనగా ప్రాధాన్యంలో సగానికి మించినది పైనుండియే నిర్ణయమై వచ్చినది. మిగిలిన నలుబది వంతుల విషయంలోనే ఊరి వివేకానికి పరీక్ష.

ఆ పరీక్షలో కంటికి కనబడునదే తరచుగా నెగ్గుచున్నది. సిమెంటు వీధికి ప్రారంభోత్సవం ఉండును, శిలాఫలకం ఉండును. చెరువు వరవుకాలువలో పూడిక తీసినచో ఫలకం నాటుటకు చోటుండదు, వర్షం కురిసిన నాడు తప్ప ఆ పని జరిగినట్లు తెలియదు. లత్తేరి పేరులోనే 'ఏరి' అన్న ధ్వని ఉన్నది. తమిళంలో ఏరి అనగా చెరువు. పాలారు ఏడాదిలో అధికభాగం ఇసుకగానే కనబడు నది. దాని నీరు ఇసుక క్రింద దాగి ఉండును. ఇట్టి సీమలో వాననీటిని నిలుపు పనియే వరుసలో మొదటిది కావలెను. తక్కిన సౌకర్యాలన్నీ దాని పైననే నిలుచునవి. నీరు అడుగంటిన వీధిలో ఎన్ని కొళాయిలు బిగించిననేమి?

దీనికి సమీపంలోనే నిదర్శనం ఉన్నది. వేలూరు జిల్లా కణియంబాడి ప్రాంతంలో నాగనది ఎండిపోగా, 2014 నుండి దాని పునరుద్ధరణ సాగినది. జనం 'నూరు దినాల పని' అని పిలిచిన ఉపాధి హామీ పథకం క్రింద, కూలి స్త్రీలు వాగులలో రాతి అడ్డుకట్టలు వేసి, గోతులు త్రవ్వి సిమెంటు ఒరలు దించి ఇంకుడు బావులు నిర్మించినారు. పథకం దేశమంతటికీ ఒక్కటే. పనిని ఎచ్చట పెట్టవలెనన్న ఎంపికలోనే ఉన్నది భేదం.

కోయంబత్తూరు జిల్లా ఓడంతురై పంచాయతీ మరొక విధంగా ఆలోచించినది. దీపాలు, నీటి మోటార్లు పెరిగిన కొద్దీ విద్యుత్ బిల్లు బరువైనది. ఖర్చు ఎచ్చట కారిపోవుచున్నదో ముందు లెక్క చూచినారు. 2006లో బ్యాంకు అప్పుతో, సొంత పొదుపుతో 1.55 కోట్ల రూపాయలకు 350 కిలోవాట్ల గాలిమర కొన్నారు. ఊరి అవసరానికి మించిన విద్యుత్తును విద్యుత్ బోర్డుకు అమ్మినారు. ప్రతి ఊరూ గాలిమర కొనవలెనని కాదు, లత్తేరిలో ఆ గాలి లేకపోవచ్చును. లెక్క చూచుట మాత్రం ఎచ్చటనైనా సాధ్యమే.

అడ్డంకులు లేకపోలేదు. తమిళనాడులో 40 హెక్టార్లకు మించిన ఆయకట్టు గల చెరువులు ప్రభుత్వ జలవనరుల శాఖవి, అంతకు తక్కువవి పంచాయతీ యూనియన్‌వి. గ్రామ పంచాయతీ తీర్మానం చేయగలదే గానీ, తూము తానే బాగుచేయలేని సందర్భాలు అనేకం. కౌండిన్య నది పలమనేరు కొండలలో పుట్టి గుడియాత్తం మీదుగా పాలారులో కలియును, దానికి రెండు రాష్ట్రాల ఎల్లలతో పని లేదు. అయినను వ్రాతపూర్వక తీర్మానానికి విలువ ఉన్నది. అది లేనిచో అడుగుటకు ఆధారమే ఉండదు.

ఉత్తరమేరూరు శాసనాలు (క్రీ.శ. 919, 921) చెరువు కొరకే ఒక ప్రత్యేక వారియాన్ని పేర్కొన్నవి. అంతకు ముందు పదవిలో ఉండి లెక్క అప్పగించనివాడు సభ్యత్వానికి అనర్హుడట. ఆ సభలో భూమి లేనివారికి చోటు లేదు, స్త్రీలకు చోటు లేదు. ఆ కాలాన్ని పూర్తిగా ఆదర్శమనుట సత్యదూరం. తమిళనాడు 2016లో స్థానిక సంస్థలలో సగం స్థానాలు స్త్రీలకు కేటాయించినది. బిందె మోయువారే వరుస నిర్ణయించు అవకాశం దాని వల్ల కలిగినది.

ఇచ్చటి తల్లిదండ్రులకు ఒక ఇబ్బంది ఉన్నది. గ్రామసభ కాగితాలు తమిళంలో ఉండును. ఇంట తెలుగు మాటలాడు పెద్దలలో ఆ లిపి చదువలేనివారున్నారు. 2006 నాటి తమిళ అభ్యాస చట్టం తెలుగు బడులకు తెచ్చిన క్లేశాలు వేరొక ప్రసంగానికి తగినవి. దాని ఫలితంగా నేటి పిల్లలకు రెండు లిపులూ వచ్చును. పై తరగతి విద్యార్థి ఖర్చుల పట్టికను ఇంటిలో అవ్వకు చదివి వినిపించవచ్చును. సభకు గణపూర్తి కావలెను. 3,001 నుండి 10,000 వరకు జనాభా గల గ్రామంలో 200 మంది రావలెను.

గ్రామసభ ఏటా నాలుగు దినాలు జరుగుచుండగా, 2022లో ప్రభుత్వం ఆరు దినాలు చేసినది. ఆ తిథులను వానకాలంతో పోల్చి చూడవలెను. మార్చి 22, మే 1 నాటికి చెరువులు ఎండి ఉండును, పూడికను, గట్టును అడుగుటకు అదే అదను. ఆగస్టు 15, అక్టోబరు 2 ఈశాన్య ఋతుపవనానికి ముందు వచ్చును, వరవుకాలువ, కలుజు చూడవలసిన వేళ. నవంబరు 1 నాటికి వాన మొదలై ఉండును. జనవరి 26 నాటికి ఎంత నీరు నిలిచినదో కొలబద్దపై కనబడును. వేసవిలో చేసిన తీర్మానం నెరవేరినదో లేదో ఆనాడు ఆ కొలబద్దనే చూపి అడుగవచ్చును.