తండ్రియే గురువైనప్పుడు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో బిడ్డ చేతికి టెన్నిస్ రాకెట్టు నందించు తలిదండ్రులకు మేము మనవి చేయదగిన మాట యొకటి కలదు. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 6వ యేట ఆట మొదలిడెను. తండ్రి ఇమ్రాన్ మీర్జాయే శిక్షకుడయ్యెను. 2007లో సింగిల్సున 27వ స్థానము నందుకొనిన ఆమెను మణికట్టు గాయములు బాధించినవి. 2013లో సింగిల్సు విడిచి, డబుల్సునే నమ్ముకొని, 2015లో ఆ విభాగమున ప్రపంచ ప్రథమస్థాన మలంకరించెను.

గురువు తప్పును చూపవలెను. తండ్రి ఓడిన బిడ్డను అక్కున జేర్చుకొనవలెను. రెండును ఒక్కరే కావలసివచ్చినపుడు, కోర్టు దాటగానే గురుపీఠమును దిగవలెను. ఇంటిదారిలో ఆటలోని తప్పుల నెంచుట తగదు. చేయి నొచ్చుచున్నదని బిడ్డ యన్ననాడు, పోటీ యెంత పెద్దదైనను మాన్పింపవలెను. తప్పిన పోటీ మరుసటేడు మరల వచ్చును. చెడిన చేయి తిరిగి బాగగునను పూచీ లేదు.