తోరణం నడుమ మినారు

(చరిత్ర, చిత్రకళ బోధించే ఉపాధ్యాయుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



తరగతి గదిలో చరిత్రను, కళను ఎలా బోధించాలన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు ఆదేశించారు. ఈ రెండింటినీ మన బడులు ఎన్నడో విడగొట్టాయి. చరిత్ర సాంఘికశాస్త్రం మాస్టారి వంతు. బొమ్మలు డ్రాయింగు మాస్టారి వంతు. డ్రాయింగు మాస్టారు ఉన్న బడులే తక్కువ; ఉన్నచోట కూడా పరీక్షలు దగ్గరపడగానే ఆయన పీరియడును లెక్కల వారికో ఇంగ్లీషు వారికో ఇచ్చివేయడం మనందరికీ తెలిసిన సంగతే. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం పదో తరగతి వరకు కళావిద్య తప్పనిసరిగా ఉండాలని చెప్పింది. ఆ మాట కాగితం దాటి ఎంత దూరం వచ్చిందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ ఎడబాటు వల్ల అందరు పిల్లలూ నష్టపోతున్నారు. ముస్లిం పిల్లలు మరికొంత ఎక్కువగా నష్టపోతున్నారని నా అభిప్రాయం. చరిత్ర కేవలం పేర్లుగా, తేదీలుగా మిగిలినప్పుడు పిల్లవాని చేతిలో మిగిలేది మతం పేరు ఒక్కటే. ఫలానా వాడు దండెత్తాడు, ఫలానా గుడి కూలింది అని పాఠం చదవగానే, తరగతిలోని తలలు మెల్లగా వెనక్కి తిరుగుతాయి. వెనుక బల్ల మీద కూర్చున్న ఆ ఒక్క బాలుడో బాలికో తలవంచుకుంటుంది. ఎవరూ ఏమీ అనరు. అనవలసిన అవసరం కూడా ఉండదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను ఈ దృశ్యాన్ని అనేక పర్యాయాలు చూశాను. మీరూ చూసే ఉంటారు.

పాఠ్యపుస్తకాల సంగతి మీకు తెలుసు. పన్నెండో తరగతి జాతీయ చరిత్ర పుస్తకం నుండి మొఘల్ ఆస్థానాల మీద ఉన్న అధ్యాయాన్ని తొలగించారు. విద్యార్థుల మీద భారం తగ్గించేందుకని కారణం చెప్పారు. 2023 ఏప్రిల్‌లో దాని మీద పెద్ద చర్చ జరిగింది. ఆ చర్చలో దాదాపు అందరూ మరచిన విషయం ఒకటుంది. అది రాజుల పొగడ్తల అధ్యాయం కాదు. ఆస్థాన చరిత్రలను ఎవరు రాశారు, ఎందుకు రాయించారు, అక్బర్‌నామా, బాద్షానామా వంటి గ్రంథాలలోని చిత్రాలను ఎలా చదవాలి, చిత్రకారుడు దేనిని పెద్దది చేసి చూపాడు, ఎందుకు చూపాడు అని ప్రశ్నించడం నేర్పే పాఠమది. అంటే చరిత్ర, కళ కలిసి కూర్చున్న కొద్ది పాఠాలలో ఒకటి. అది పోయింది. 2025లో వచ్చిన ఎనిమిదో తరగతి పుస్తకంలో ఢిల్లీ సుల్తానులు, మొఘలులు ఉన్నారు. వారితోపాటు చరిత్రలోని చీకటి కాలాల గురించి ఒక ప్రత్యేక గమనిక కూడా ఉంది. గతంలో జరిగిన వాటికి నేడు ఎవరినీ బాధ్యులను చేయరాదని ఆ గమనికలోనే అన్నారు. మంచి మాటే. కాని తిరిగిన తలలను అచ్చులోని ఒక్క వాక్యం మళ్ళించలేదు. ఆ పని ఉపాధ్యాయుడు చేయాలి.

ఎలా చేయాలి? ఉపన్యాసంతో కాదని మాత్రం నాకు నమ్మకం కుదిరింది. మతసామరస్యం గురించి పిల్లలకు మనం చెప్పే నీతివాక్యాలు వారికి ఇప్పటికే కంఠతా వచ్చు. పరీక్షలో రాస్తారు, గంట కొట్టగానే మరచిపోతారు. నేను సూచించేది ఒక వస్తువును ముందుంచి, దానిని చూడమని, గీయమని చెప్పడం. ఎంతో దూరం వెళ్ళనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వ చిహ్నాన్ని తీసుకోండి. కార్యాలయాల బోర్డుల మీద, ఉత్తర్వుల మీద, పిల్లలు తెచ్చుకునే ధ్రువపత్రాల మీద అది ఉంటుంది. 2014లో చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించిన ఈ చిహ్నంలో కాకతీయుల తోరణం ఉంది, తోరణం నడుమ చార్మినార్ ఉంది. చుట్టూ తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు అక్షరాలు. ఈ చిహ్నాన్ని మార్చాలన్న ప్రతిపాదన 2024లో వచ్చినప్పుడు రాజకీయ నాయకులు ఎంతో మాట్లాడారు. బడులలో మాత్రం దానిని ఒక్క పీరియడు చూసినవారు అరుదు.

ఆ తోరణం ఎక్కడిది? వరంగల్ కోటది. కోట నడిబొడ్డున కాకతీయుల స్వయంభూ శివాలయం ఉండేది. దాని నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు నిలిపారు. తలుపులు లేని ద్వారాలవి. 1323లో ఢిల్లీ సేనలతో ఉలుగ్‌ఖాన్ కోటను పట్టుకున్నాడు. ఆ తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ సింహాసనం ఎక్కినవాడు ఇతడే. ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఆలయం నేలమట్టమైంది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆలయం కూలిన సంగతిని దాచకండి. మన మంచి కోరే కొందరు ఉపాధ్యాయులు ఇటువంటి చోట గొంతు తగ్గించి, పేజీ తిప్పేస్తారు. దానివల్ల ముస్లిం విద్యార్థికి మేలు జరగదు. ఏదో దాచారన్న అనుమానం తరగతికి మిగులుతుంది, ఆ అనుమానం మళ్ళీ అదే వెనుక బల్లకు చేరుతుంది. కూల్చారని స్పష్టంగా చెప్పండి. చెప్పి, తరువాతి ప్రశ్న వేయండి: ఆలయం పోయింది కదా, మరి తోరణాలు ఎందుకు నిలిచాయి? ఆలయాన్ని పడగొట్టిన చేతులకు నాలుగు తోరణాలు అడ్డమా? పిల్లలు రకరకాల జవాబులు చెబుతారు. చెప్పనివ్వండి. ఓడిన రాజు ఇలవేల్పు గుడి అతని అధికారానికి గుర్తు కనుక దానిని పడగొట్టారని, మతచిహ్నంగా కనిపించని తోరణాలను నగర వైభవంగా ఉంచుకున్నారని ఒక పిల్లవాడు తనంతట తానే ఊహించగలడు.

తోరణాలకు దగ్గరలోనే ఖుష్‌మహల్ అనే దర్బారు భవనముంది. దాని గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. ఇది తుగ్లక్ కాలపు కట్టడాల లక్షణం. ప్రజలు మాత్రం దానిని షితాబ్‌ఖాన్ మహల్ అంటారు. ఈ షితాబ్‌ఖాన్ ఎవరు? అసలు పేరు సీతాపతి. బహమనీల కొలువులో బిరుదు పొందిన తెలుగు నాయకుడు. అతడే వరంగల్‌ను స్వాధీనం చేసుకుని, కాకతీయుల కాలపు దేవతలను మళ్ళీ ప్రతిష్ఠించినట్లు 1504 నాటి శాసనం వేయించాడు. ఆ తరువాత గోల్కొండ కుతుబ్‌షాహీ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ అతనిని వరంగల్ నుండి తరిమాడు. ఈ పాఠం చెప్పినప్పుడు ఒక విద్యార్థి లేచి, "సార్, షితాబ్‌ఖాన్ మనవాడా, వాళ్ళవాడా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. "నీవే తేల్చి రేపు చెప్పు" అన్నాను. మరునాడు అతడు నాలుగు వాక్యాలు రాసుకొచ్చాడు, రెండింటిని కొట్టివేసి ఉన్నాడు. ఆ కొట్టివేతలు నాకు నచ్చాయి.

ఇక బొమ్మ దగ్గరకు రండి. తోరణాన్ని గీయమంటే పిల్లవాడు మొదట రెండు కంబాలు, పైన అడ్డంగా దూలం గీస్తాడు. ఖుష్‌మహల్‌ను గీయమంటే కొనదేలిన కమాను గీయాలి. ఈ రెండు గీతలలో రెండు విజ్ఞానాలున్నాయి. దూలం బరువంతా తానే మోస్తుంది, కనుక ఎంత పొడవు రాయి దొరికితే అంత వెడల్పే సాధ్యం. కమానులో చిన్న రాళ్ళు ఒకదానినొకటి నెట్టుకుంటూ బరువును పక్కలకు, అక్కడి నుండి నేలకు దింపుతాయి. సబ్బు ముక్కలను ఏటవాలుగా కోసి కమాను కట్టించండి. చిట్టచివర పెట్టిన మధ్యముక్కను తీయించండి, మొత్తం కూలుతుంది. ఇరవై నిమిషాల పని. రెండు నిర్మాణ పద్ధతులూ ఈ నేల మీద కలిశాయన్న సంగతి ఆ తరువాత ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. విజయనగర రాజుల పెనుకొండ గగన్‌మహల్‌లోనూ, చంద్రగిరి రాజమహల్‌లోనూ కమానులే కనిపిస్తాయి. అవి హిందూ రాజుల భవనాలు. వాటి కమానులను ఎవరూ పరాయివని తీసివేయలేదు.

వరంగల్ నుండి చార్మినార్‌కు పోదాం. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో హైదరాబాదు నగరాన్ని స్థాపించాడు. చార్మినార్‌కు ఉత్తరాన ఒక కూడలి, నడుమ గుల్జార్‌హౌజ్, నాలుగు వైపులా నాలుగు కమానులు. అదే చార్‌కమాన్. నడుమ ఒక కేంద్రం, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు అనే ఈ అమరికను కొందరు కళాచరిత్రకారులు వరంగల్ తోరణాలతో పోల్చారు. కుతుబ్‌షాహీలు తమను ఈ తెలుగు నేలకు వారసులుగా భావించుకున్నారన్నది వారి ఊహ. కాదనేవారూ ఉండవచ్చు. పిల్లల చేత రెండు పటాలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన గీయించి, పోలిక ఉందో లేదో వారినే చెప్పమనండి. ఉందన్నవారికీ లేదన్నవారికీ సమానంగా మార్కులు వేయండి, కారణం చెప్పి ఉంటే చాలు.

ముహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా కథ ఇంతకన్నా చిక్కుగా ఉంటుంది. యువకుడిగా ప్రాణభయంతో విజయనగరం చేరి, రామరాయల ఆశ్రయంలో ఏడేళ్ళు గడిపాడు. గోల్కొండ రాజయ్యాక తెలుగు కవులను ఆదరించాడు. వారు ఆయనను మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. ఆయన అధికారి అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగన తన అచ్చతెలుగు కావ్యం యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. అదే ఇబ్రహీం 1565లో మిగిలిన సుల్తానులతో చేరి రామరాయల మీద యుద్ధానికి వెళ్ళాడు. చివరకు గోల్కొండను కూల్చింది ఎవరు? 1687లో ఔరంగజేబు. మంత్రులైన అక్కన్న, మాదన్నలు అంతకు ముందు ఏడే హత్యకు గురయ్యారు. సుల్తాన్ అబుల్ హసన్ తానీషా దౌలతాబాదు కోటలో బందీగా మరణించాడు. మతం అనే ఒక్క తాళంచెవితో ఈ కథలోని ఏ గది తలుపు తెరుచుకుంటుందో విద్యార్థి ప్రయత్నించి చూడాలి.

మన సమాజం వైపు నుండి వచ్చే ఒక ఇబ్బందిని కూడా ప్రస్తావించక తప్పదు. ప్రాణుల బొమ్మలు గీయడం మా ఇంట్లో ఇష్టపడరని కొందరు విద్యార్థులు అంటారు. కొందరు ఉపాధ్యాయులు విసుక్కుంటారు. మరికొందరు ఆ పిల్లలను పక్కన ఊరికే కూర్చోబెడతారు. రెండూ తగవు. దక్కను సుల్తానుల కాలంలో మనుషులను, ఏనుగులను, పక్షులను ఎంతో అందంగా చిత్రించారని తరగతిలో చెప్పండి, చూపండి. గీయమని మాత్రం ఒత్తిడి చేయకండి. తోరణం కొసల మీది హంసలను వదిలి, తామరమొగ్గల తోరణమాలను ఆ అమ్మాయి గీయవచ్చు. ఒక చదరం మీద మరో చదరాన్ని తిప్పి పెట్టి ఎనిమిది కోణాల నక్షత్రం గీయవచ్చు. జామెట్రీ బాక్సు చాలు. హైదరాబాదులోని బాద్షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద రంగు పలకల పనితనం ఫోటోలో చూపి, అందులోని అల్లికను గీతల్లోకి దించమనవచ్చు. లెక్కల మాస్టారు కూడా సంతోషిస్తారు.

ఇదంతా మైనారిటీల మీద దయ చూపమని అడగడం కాదని నా మనవి. మన సమ్మిళిత సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడుకోవడం ప్రతి పౌరుని విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. ఆ రాజ్యాంగం అసలు ప్రతిని నందలాల్ బోస్, ఆయన శిష్యులు చిత్రాలతో అలంకరించారు. అందులో సీతారామలక్ష్మణులున్నారు, బుద్ధుడున్నాడు, అక్బర్ ఉన్నాడు, శివాజీ, గురుగోవింద్ సింగ్ ఉన్నారు, ఒకే పుటలో టిప్పు సుల్తాన్, ఝాన్సీ లక్ష్మీబాయి ఉన్నారు. పౌరనీతి పాఠం చెప్పేటప్పుడు ఈ చిత్రాలను ఎందరం చూపిస్తున్నాం? నేర్పవలసిన చరిత్రను, కళను ఒకే పుస్తకంలో కుట్టి మనకిచ్చి వెళ్ళారు.

వరంగల్‌కు బస్సు వేయించుకోగల బడులు కొన్నే. మిగిలినవారు దిగులుపడనక్కరలేదు. మీ ఊరి పాత మసీదు, గుడి, దర్గా, బురుజు, మెట్లబావి ఏదైనా సరే. కడప ప్రాంతం వారికి గండికోటలో మసీదు, ఆలయాలు ఒకే కోటలో ఉన్నాయి. కృష్ణా జిల్లా వారికి పెడన, మచిలీపట్నం కలంకారీ ఉంది. కలం, కారీ రెండూ పారశీక పదాలే. కరక్కాయ, పటిక, ఎరుపు రంగునిచ్చే చిరివేరు మాత్రం ఈ నేలవి. ఆ పని తెలిసిన వారిని ఒక పూట తరగతికి పిలవండి. పాఠ్యపుస్తకం నుండి పేజీలు తీసివేయడం ఎవరికైనా సులభమే, బట్ట మీది రంగును ఉతికినా పోగొట్టలేరు.

ప్రశ్నపత్రం విషయం కూడా ఒకటి అడుగుతాను. చార్మినార్ ఎవరు, ఏ సంవత్సరం కట్టించారు అనే ఒక్క మార్కు ప్రశ్న పక్కన, ఈ రెండు బొమ్మలను చూసి మూడు తేడాలు, రెండు పోలికలు రాయండి అనే నాలుగు మార్కుల ప్రశ్న చేర్చండి. మార్కులు లేని పనిని మన పిల్లలు చేయరు, వారి తప్పేమీ లేదు.

భోజన విరామం తరువాత మళ్ళీ ఇక్కడే కలుద్దాం. బల్లల మీద తెల్లకాగితాలు, పెన్సిళ్ళు, ప్రభుత్వ చిహ్నం నమూనా ఉంచారు. సాంఘికశాస్త్రం వారు బొమ్మ గీస్తారు, చిత్రకళ వారు దాని చరిత్ర పది వాక్యాలలో రాస్తారు. తెలియనిచోట పక్కవారిని అడగండి. నాలుగు గంటలకు ఇరువురి కాగితాలూ ఈ గోడకు అంటించి చూద్దాం.