ఫోను మనది, పని యాజమాన్యానిది



2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు ఇంటినుండి పనిచేయవలసి వచ్చిన ఉద్యోగులలో అనేకులు తమ సెల్‌ఫోనునే కంప్యూటరుకు మోడెముగా వాడుకున్నారు. టవరునుండి ఫోను అందుకున్న ఇంటర్నెట్టు వైఫై, బ్లూటూత్ లేక యు.ఎస్.బి. తీగద్వారా కంప్యూటరుకు చేరుతుంది. వైఫై వేగవంతమైనదే గాని బ్యాటరీని త్వరగా హరిస్తుంది, బ్లూటూత్ మందకొడిది, తీగ కలిపితే కంప్యూటరునుండి ఫోను ఛార్జి కూడా అవుతుంది. హాట్‌స్పాట్‌కు పాస్‌వర్డు పెట్టనిచో సమీపాన వున్న ఎవరైనా మన డేటాను వాడుకొనగలరు.

ఇక మనం తేల్చుకోవలసినది ఖర్చును గూర్చిన ప్రశ్న. మిల్లులో యంత్రం నడిచే విద్యుత్తుకు కార్మికుడు బిల్లు చెల్లించడు. మరి యాజమాన్యం పనికై రీఛార్జిని మనమెందుకు భరించాలి? అది వేతనంలో కోతయే. డేటా ఖర్చును యాజమాన్యమే భరించాలనే నిబంధనను వేతన ఒప్పందాలలో చేర్చేవరకు ఐక్యంగా పట్టుబడదాం.