ఓర్పు: ఇస్లాము బోధించిన బలము

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుని యొద్దకు సంతోషముతో వచ్చువారు తక్కువ. గట్టు జరిపినారని ఒకరు, మురుగునీరు తమ వాకిట నిలిచినదని మరియొకరు, ఇచ్చిన అప్పు తిరిగి రాలేదని ఇంకొకరు వత్తురు. చెప్పువాని కోపము వినువానికి అంటుకొనుట సహజము. కావున ఓర్పు అనునది పెద్దలు చెప్పు మంచిమాట మాత్రమే కాదు. ప్రతిదినము మనకు అక్కరకు వచ్చు పనిముట్టు. ఈ విషయమున ఇస్లాము ఏమి బోధించుచున్నదో నేడు మనవి చేయదలచితిమి. మన పల్లెలలో హిందువులు, ముస్లిములు తరతరములుగా ఇరుగుపొరుగున నున్నారు. పొరుగువాని ధర్మమందలి మంచిని ఎరుగుట మంచి పొరుగుతనమునకు లక్షణము.

అరబ్బీ భాషలో ఓర్పునకు 'సబ్ర్' అని పేరు. తన్ను తాను బిగబట్టుకొనుట అని దాని మూలార్థము. మన వాడుకలోని 'సబూరు' అను మాటయు ఆ ధాతువునకు చెందినదే. 'హిల్మ్' అను మరియొక మాట కలదు. కోపించుటకు కారణమును, శిక్షించుటకు శక్తియు ఉండి కూడ నిగ్రహించుకొనుట హిల్మ్ అనబడును. ఈ రెండవ గుణము అధికారము చేతనున్నవారికి ముఖ్యముగా కావలసినది. చేతగానివాడు ఊరకుండుట ఓర్పు కాదు గదా!

కోపమును దిగమ్రింగి పరులను మన్నించువారిని దైవము ప్రేమించునని ఖురాను మూడవ అధ్యాయము తెలుపుచున్నది. ఎదిరిని కుస్తీలో పడగొట్టువానికంటె కోపవేళ తన్ను తాను అదుపులో నుంచుకొనువాడే బలశాలి యని ప్రవక్త ముహమ్మదు బోధించిరి. ఆయన ఉపాయము కూడ చెప్పిరి: కోపము వచ్చినపుడు నిలుచున్నవాడు కూర్చుండవలెను, అప్పటికిని తగ్గనిచో పరుండవలెను. తీర్పరి కోపముతో నున్నపుడు ఇరుపక్షముల నడుమ తీర్పు చెప్పరాదని మరియొక నియమము. ఈ నియమము మన పంచాయతీ గోడమీద వ్రాసి యుంచదగినది.

ఈ బోధనలు ఆచరణలో ఎట్లుండునో తెలుపు ఘట్టమొకటి చరిత్రలో కలదు. 628వ సంవత్సరమున ప్రవక్త సుమారు 1,400 మంది అనుచరులతో మదీనా నుండి మక్కా యాత్రకు బయలుదేరిరి. మక్కాలోని ఖురైషులు త్రోవ నడ్డగించిరి. హుదైబియా అనుచోట సంధి మాటలు జరిగెను. సంధిపత్రమున 'దైవప్రవక్త ముహమ్మదు' అని వ్రాయగా, ఖురైషుల రాయబారి సుహైల్ ఒప్పుకొనలేదు. తాము ఆయనను ప్రవక్తగా అంగీకరించియున్నచో అడ్డగించియే యుండమనియు, తండ్రిపేరుతో మాత్రమే వ్రాయవలెననియు పట్టుపట్టెను. పత్రము వ్రాయుచున్న అలీ ఆ మాటను కొట్టివేయుటకు ఇష్టపడకుండగా, ప్రవక్తయే దానిని తుడిపించి 'అబ్దుల్లా కుమారుడైన ముహమ్మదు' అను మాటతో సంధి పూర్తిచేసిరి.

షరతులును కఠినములే. ఆ యేట యాత్ర చేయక మరలిపోవలెను. మరుసటి యేట వచ్చి మూడు దినములు మాత్రమే మక్కాలో నుండవలెను. పదేండ్లు యుద్ధము మానవలెను. ఇది తమకు అవమానమని ఉమర్ వంటి ముఖ్యులే బాధపడిరి. బలిపశువులను కోసి తల గొరిగించుకొనుడని ప్రవక్త ఆజ్ఞాపించినను అనుచరులు లేవలేదు. అప్పుడు ఆయన భార్య ఉమ్మె సలమా, ఎవరితోను ఏమియు అనక ముందు తమ పని తాము చేయుడని సలహా యిచ్చెను. ఆయన అట్లే చేసిరి. అది చూచి అందరును లేచిరి. ఎదిరిపక్షముపట్ల ఓర్పు ఒకటి, తనవారిపట్ల ఓర్పు మరియొకటి. ఈ రెండవదియే కష్టమని మీ యనుభవము కూడ చెప్పును.

ఓర్పనగా అన్యాయమునకు తలవంచుట యని తలపరాదు. తరువాత ఖురైషుల మిత్రులు ముస్లిముల మిత్రపక్షముపై దాడిచేయుటచే సంధి భగ్నమయ్యెను. 630లో ప్రవక్త సుమారు 10,000 మందితో మక్కా చేరిరి. నగరము స్వల్పమైన పోరుతోనే వశమయ్యెను. ఏండ్లతరబడి తమ్ము బాధించినవారికి, కొద్దిమందికి తప్ప, ఆయన అభయమిచ్చిరి. నాడు పత్రముపై పేరు తుడిపించిన సుహైల్ కూడ మన్నింపబడినవారిలో నుండెను.

ఇక మన పల్లెకు దగ్గరి విషయమొకటి. బాకీదారు ఇబ్బందిలో నున్నచో సౌకర్యము కలుగువరకు గడువీయవలెననియు, వదలివేయగలిగిన మరింత మేలనియు ఖురాను రెండవ అధ్యాయము చెప్పుచున్నది. అచ్చటనే, కొంచెము దిగువను, అప్పు చిన్నదైనను పెద్దదైనను గడువుతో సహా వ్రాసికొనవలెననియు, సాక్షులుండవలెననియు విధించుచున్నది. ఈ రెంటిని కలిపి చదువుడు. ఓర్పు వేరు, అజాగ్రత్త వేరు. పత్రము సరిగా నున్నచో అనుమానమునకు తావుండదు. అనుమానము లేనిచోట ఓర్పు పట్టుట సులభము.

సభ్యులారా, పల్లెలో ఒకనాటి తొందర మాట రెండు తరముల వైరమై నిలుచుట మీరెరుగనిది కాదు. తీర్మానములు కాగితముపై నుండిపోవును. తూలిన మాట మనస్సులలో నుండిపోవును. కనుక వచ్చినవారిని ముందు కూర్చుండబెట్టుడు. ఇరుపక్షముల మాటయు కడవరకు వినుడు. మీకు కోపము వచ్చినదని తోచినచో ఆనాటికి విచారణ నిలిపి, మరునాడు కూర్చుండుడు. కుదిరిన ఒప్పందమును వ్రాయించి చదివి వినిపింపుడు. పత్రములో ఎవరి పేరు ముందుండవలెనను పట్టుదలవలన పని చెడునట్లున్నచో, హుదైబియాను తలచుకొనుడు. పేరు తగ్గించుకొన్నవారు నాడు చిన్నవారు కాలేదు.