పంటి వేరు చివర పెట్టే సీలు – దాని మంచి చెడ్డలు

(సూరత్‌లో జరిగిన మన సభ్యుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాల ముందు పళ్ల డాక్టరు చేత మాట్లాడించడం కార్యవర్గం వారి సాహసమే! అయినా పళ్లు బాగుంటేనే గదా భోజనం. క్లుప్తంగానే చెప్తాను.

1941 ఫిబ్రవరి 1న ఏర్పడిన ఆర్మీ డెంటల్ కోర్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇక్కడ లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో మగ్గాల మీద బతుకుతున్న మన తెలంగాణ కుటుంబాలవాళ్లైనా, మాజీ సైనికులైనా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "డాక్టరుగారూ, రూట్ కెనాల్‌లో నింపే మందు ఎముకలోకి దిగి లోపల పాడు చేస్తుందట గదా, పన్ను పీకించేసుకుంటే పోలా?" ఈ భయంతో బాగుచేసుకోదగిన పళ్లు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

పంటి వేరు చివర ఒక చిన్న రంధ్రం ఉంటుంది. సైజు అర మిల్లీమీటరు కంటే తక్కువ. నరం, రక్తనాళం అందులోంచే లోపలికి వెళ్తాయి. వేరుకీ దవడ ఎముకకీ మధ్య పల్చటి నారపొర ఉంటుంది. మందం మిల్లీమీటరులో సుమారు ఐదో వంతు. మనం నింపే మందు ఆ రంధ్రం దగ్గర ఈ సజీవమైన కణజాలాన్ని తాకుతుంది. కథంతా అక్కడే.

అసలు శత్రువెవరో ముందు గుర్తించాలి, ఇది మనకు శిక్షణలో మొదటి పాఠం. 1965లో కాకెహాషి, ఆయన సహచరులు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఎలుకల పళ్లకు రంధ్రం చేసి లోపలి గుజ్జును తెరిచి వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు చచ్చి, వేరు చివర చీము పట్టింది. సూక్ష్మక్రిములు బొత్తిగా లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో మాత్రం గాయం దానంతటదే మానడం మొదలుపెట్టింది. అంటే ఎముకను తినేది ముఖ్యంగా క్రిములు. మందు పని వాటికి దారి మూయడం.

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్ మునిగింది మీకు గుర్తుండే ఉంటుంది. సహాయానికి మన దళాలు కూడా వచ్చాయి. సందు దొరికిన ప్రతిచోటా నీరు దూరింది గదా, క్రిములూ అంతే. వేరు లోపల గుట్టా పెర్చా అనే చెట్టు పాల పదార్థం పుల్లల్లా పెడతాం. ఆ పుల్లకీ గోడకీ మధ్య సందు మిగులుతుంది. ఆ సందు పూడ్చే పల్చటి ముద్దనే సీలర్ అంటారు.

ఈ సీలర్లు ఒక్కొక్కటి ఒక్కో స్వభావం. పాతకాలం నుంచీ ఉన్నది జింక్ ఆక్సైడ్, యూజినాల్ కలిపినది. యూజినాల్ అంటే మన లవంగ నూనెలోని సారమే. కొద్దిగా అయితే నొప్పికి ఉపశమనం, ఎక్కువైతే కణాలకు మంట. అతి సర్వత్ర వర్జయేత్ అన్నారు పెద్దలు. 1950వ దశకంలో స్విట్జర్లాండ్‌లో ఏహెచ్ 26 అనే రెజిన్ రకం వచ్చింది. బాగా అతుక్కునేది కానీ గట్టిపడేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వదిలేది. తర్వాత వచ్చిన ఏహెచ్ ప్లస్‌లో ఆ దోషం బాగా తగ్గించారు. దాదాపు అన్ని సీలర్లకూ వర్తించే సూత్రం ఒకటుంది. తడిగా ఉన్నప్పుడు చురుకు ఎక్కువ, గట్టిపడ్డాక తగ్గుతుంది. చికిత్సయ్యాక రెండు మూడు రోజులు కొరికితే నొప్పి రావడానికి ఇదీ ఒక కారణమే. దానికి బెంబేలెత్తక్కర్లేదు.

1993లో కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో డాక్టర్ మహమూద్ తొరాబినెజాద్ బృందం ఎంటీఏ అనే పదార్థాన్ని వెలుగులోకి తెచ్చింది. దాని ఆధారం ఏమిటో తెలుసా? ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటు జాతే! తడి తగిలితేనే గట్టిపడుతుంది, కాల్షియం వదులుతుంది, ఎముకకు అనుకూలంగా ఉంటుంది. దాని వారసులే ఇప్పటి బయోసెరామిక్ సీలర్లు. మంచివే. కానీ మళ్లీ తీయాల్సొస్తే కష్టం, ఖరీదూ ఎక్కువ. పాత రెజిన్ రకంతో పోల్చిచూసిన పరిశీలనల్లో పన్ను నిలబడే విషయంలో పెద్ద తేడా కనబడలేదు. పేరు చూసి మోసపోకండి. లోపల శుభ్రం చేసిన తీరే ముఖ్యం.

ఇక నిజంగా జాగ్రత్త పడవలసిన చోటు. సీలర్ చిటికెడు బయటకు వస్తే శరీరం దాన్ని కొంత కరిగించుకుంటుంది, లేదా చుట్టూ పొర కట్టి పక్కన పెడుతుంది. చాలామందికి ఏ బాధా ఉండదు. కింది దవడ వెనక పళ్ల వేర్ల దగ్గరగా పెదవికి స్పర్శనిచ్చే నరం వెళ్తుంది. ఎక్కువ మందు దానిమీద పడితే ఒత్తిడి వల్లా, రసాయనం వల్లా నరం దెబ్బతింటుంది. ఒక రిటైర్డు హవల్దారు గడ్డం మొద్దుబారిందని నా దగ్గరికి వచ్చాడు. బయట ఎక్కడో చికిత్స చేయించుకున్నాడట. "మత్తు ఇంకా దిగలేదేమోనని మూడు వారాలు ఆగాను సార్" అన్నాడు. ఎక్స్‌రేలో మందు నరపు కాలువలో తెల్లగా కనబడింది. స్పర్శ కొంతే తిరిగివచ్చింది. షేవింగ్ చేసుకుంటూ తెగినా తెలియదు పాపం. ఇలాంటప్పుడు రోజులు కాదు, గంటలు లెక్క. మత్తు దిగాల్సిన సమయం దాటినా పెదవి మొద్దుగా ఉంటే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. పారాఫార్మాల్డిహైడ్ కలిపిన పాత పేస్టులైతే ఎముకనే చంపగలవు. వాటిని వద్దనే చెప్పండి.

గాలిలో ఎగిరే మన సోదరులకు, సముద్రంలోకి దిగేవారికి ఒక మాట. పీడనం మారితే పాడైన పన్ను పోటు పెడుతుంది. చికిత్స సగంలో ఉంటే ఆ సంగతి మీ మెడికల్ ఆఫీసరుకు ముందే చెప్పండి.

చివరిగా నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. చికిత్సప్పుడు రబ్బరు తొడుగు వేస్తారా అని అడగండి. ముగిశాక ఎక్స్‌రే చూపించమనండి, మందు వేరు చివరి దాకా వచ్చి ఆగిందా లేదా మీకే కనబడుతుంది. పైన క్యాపు ఆలస్యం చేయకండి, పైనుంచి కారితే కింద సీలు ఎంత బాగున్నా దండగే. ఏడాదికి మళ్లీ ఎక్స్‌రే తీయించండి. ఎముక తిరిగి నిండటానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. షుగరు ఉన్నవారికి ఇంకాస్త ఆలస్యం కావచ్చు.

సొంత పన్నుకు సాటి ఏదీ లేదు. భయపడి పీకించుకోకండి, తెలుసుకుని బాగుచేయించుకోండి.  ఇక భోజనాలకు పదండి, బాగా నమిలి తినండి!

జై హింద్.