లెంగ్రూబర్ కొన్న ఒంగోలు జత
(అవుకులో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మన ప్రాంతపు తిరునాళ్ళలో బండలాగుడు పోటీకి మంచి ఒంగోలు జత దిగినచో చూడవచ్చినవారందరు లేచి నిలుచుట మీరెరిగినదే. ఆ జాతి పశువులను సముద్రముల కావల పెంచిన ఒక పశుపోషకుని వృత్తాంతమును నేడు మనవి చేయుదును.

ఆయన పేరు మానుయెల్ ఉబెల్‌హార్ట్ లెంగ్రూబర్. దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ దేశస్థుడు. 1878లో జర్మనీ దేశపు హాంబర్గు నగర జంతుశాలలో ఒక ఒంగోలు జతను చూచి, కొని, స్వదేశమునకు తీసికొనిపోయెను. అంతకు పూర్వము, 1868లోనే, ఒక ఓడలో వచ్చిన మన పశువుల జత బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవున అమ్ముడుపోయినది. నెల్లూరు పేరే అచ్చట ‘నెలోర్’ అయి ఆ జాతికి నిలిచినది.

ఐరోపా పశువులు ఆ దేశపు ఎండకు, పిడుదులకు తాళలేకపోయినవి. తెల్లని పొట్టి వెండ్రుకలు, నల్లని చర్మము గల మన పశువులు ఎండను ఓర్చి, ముతక గడ్డితోనే పెరిగినవి. లెంగ్రూబర్ కుటుంబము తమ మందలో అన్య రక్తము కలియనీయలేదు. ఆ వంశము నేటికిని వారి పేరుతోనే పిలువబడుచున్నది.

1938లో ఆ దేశమున ఈ జాతికి వంశావళి పుస్తకము ఏర్పడినది. 1960 తరువాతి సంవత్సరములలో మరల మన పశువులను తెప్పించుకొనిరి. వానిలో ఒక గిత్తకు ఒంగోలు సమీపమున గల కరవది గ్రామము పేరే ఉండెను. దాని సంతతి అచ్చట మిక్కిలి ప్రసిద్ధము. నేడు బ్రెజిల్‌లోని 20 కోట్లకు పైబడిన పశువులలో అధిక భాగము నెలోర్ జాతివి, లేక దాని సంకరములు.

వారు మాంసమునకు పెంచిరి. మనము సేద్యమునకు, పాడికి పెంచితిమి. ప్రయోజనము వేరైనను పద్ధతి ఒక్కటే: మేలైన దానిని ఎన్నుకొనుట, దాని పుట్టుకను వ్రాసియుంచుట. మనకు పశువు కలదు, వ్రాత లేదు. ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఎడ్లను అమ్మివేయువారు పెరిగిరి. లెక్క లేని మంచి గిత్త సంతకు పోయినచో దాని వంశము ఊరికి దక్కదు.

కావున ప్రతి పంచాయతీయు మూడు పనులు చేపట్టవలెను. పశువైద్యశాల సాయముతో, దూడ చెవికి వేయు 12 అంకెల సంఖ్యను, తల్లిని, తండ్రిని, పుట్టిన దినమును ఒక పుస్తకమున వ్రాయించుడు. నాసిరకపు కోడెలకు విత్తులు కొట్టించి, మేలుజాతి గిత్తనే ఆవులకు కట్టించుడు. పశువుల మేతకు విడిచిన బీడు ఆక్రమణ పాలు కాకుండ కాపాడుడు. గుంటూరు చెంత లాం పరిశోధనా కేంద్రమున ఈ జాతి రక్షణకు కృషి జరుగుచున్నది. అచ్చటి సలహాను పొందుడు.

ఒక్క జతను కొన్నవాడు ఒక వంశమునే నిలిపెను. జాతికి పుట్టినిల్లయిన మనము ఒక్క పుస్తకమును నిలుపలేమా?